బాణపు మొనను పిడికిట పట్టండి

2014 నవంబరు 22. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరం. తమీర్ రైస్ అనే పన్నెండేళ్ల బాలుడు ఒక ఉద్యానవనంలో తుపాకి చేతబట్టి ఆడుకుంటున్నాడు. అది నిజమైన తుపాకి కాదు. ప్లాస్టిక్ గుళికలను విసిరే ఎయిర్‌సాఫ్ట్ నమూనా. అయితే ఆట వస్తువని తెలిపే నారింజ రంగు గుర్తు దానిపై లేదు. చూసినవారొకరు పోలీసులకు ఫోను చేసి, అది బహుశా నకిలీది కావచ్చునని కూడా చెప్పారు. ఆ మాట అక్కడికి వెళ్లిన అధికారులకు చేరనేలేదు. కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే తూటా పేలింది. మరునాడు ఆ పసివాడు కన్నుమూశాడు.

ఆ వస్తువును తయారుచేసినవారు గానీ, అమ్మినవారు గానీ ఆ బాలుని మరణాన్ని కోరలేదు. అయినా ఒక చిన్న రంగు గుర్తు లేకపోవడం ఒక తల్లికి గర్భశోకాన్ని మిగిల్చింది. అందుకే నిజాన్ని పోలిన ఆయుధ నమూనాల తయారీ, విక్రయాల గురించి ఈ నెల మన పాఠక కుటుంబాలతో ముచ్చటించదలచాము.

ఈ క్రీడ 1970వ దశకంలో జపానులో పుట్టింది. సామాన్య పౌరునికి తుపాకి దొరకని దేశం అది. అక్కడి అభిరుచిపరులు నమూనాలతో తృప్తిపడ్డారు. ఆరు మిల్లీమీటర్ల గుళికలను విసిరే ఆ నమూనాలతో నేడు అనేక దేశాలలో సైనిక అనుకరణ క్రీడలు జరుగుతున్నాయి. అడవులలో, పాడుబడిన కట్టడాలలో రెండు పక్షాలు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రాత్రింబవళ్లు తలపడతాయి. ఆటకు నిజత్వం తెచ్చే సామగ్రిని తయారుచేసి అమ్మడం ఒక జీవనోపాధిగా మారింది. గడియారము, తీగలు అమర్చిన ఉత్తుత్తి బాంబులు, పొగ డబ్బాలు, పొడిని చిమ్మే మందుపాతరలు, తూటాల పెట్టెలు, పటాలు, రేడియోలు ఇందులో ఉంటాయి. సిలికాన్ అచ్చు తీసి, రెసిన్ పోసి, గరుకు కాగితంతో రుద్ది, లోహపు రంగు వేసి, వాడి అరిగిన ఛాయ తెప్పించే పనివాని నేర్పు సామాన్యమైనది కాదు.

ఆటను ఆటగా ఇస్లాం నిరసించలేదు. మహాప్రవక్త ముహమ్మద్ (స) విలువిద్యను ప్రోత్సహించారు. అస్లమ్ తెగవారు బాణాలు వేస్తుండగా చూసి వారిని ఉత్సాహపరిచారు. పండుగ నాడు హబషీలు మస్జిదులో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, హజ్రత్ ఆయిషా (రజి) తనివితీరా చూసేవరకు ఆమెకు అండగా నిలిచారు. కనుక ఇక్కడ మన ప్రశ్న ఆటను గురించి కాదు. ఆట వస్తువు ఆటస్థలం దాటి వీధిలోకి వచ్చినప్పుడు ఏమవుతుందన్నదే మన ప్రశ్న.

అదే మహనీయుడు (స) మస్జిదులోనో, బజారులోనో బాణాలు పట్టుకొని నడిచేవాడు వాటి మొనలను పిడికిట పట్టుకోవాలని ఆదేశించారు. ఎవరికీ గాయం కారాదన్నదే అందులోని ఆంతర్యం. సోదరునిపైకి ఆయుధం గురిపెట్టడాన్ని కూడా వారించారు. షైతాన్ ఆ చేతిని ఎప్పుడు కదిలిస్తాడో గురిపెట్టినవానికి తెలియదన్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ బోధలున్నాయి. అబూ దావూద్‌లో మరో సంఘటన ఉంది. నిద్రిస్తున్న సహచరుని వద్దనున్న తాడును ఒకరు తీసుకోగా, అతడు ఉలిక్కిపడ్డాడు. అప్పుడు దైవప్రవక్త (స), ఒక ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని స్పష్టం చేశారు. తాడు విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, చూడగానే గుండె ఝల్లుమనే తుపాకి విషయంలో ఎంత అవసరమో ఆలోచించండి!

నేటి చట్టాలు చేస్తున్నది కూడా మొనను పిడికిట పట్టించడమే. 1971లో జపాను, లోహపు పిస్తోలు నమూనాలకు తెలుపు లేదా పసుపు రంగు వేసి, గొట్టాన్ని మూసివేయాలని నిర్దేశించింది. 2006లో గుళిక శక్తిని 0.98 జౌళ్లకు పరిమితం చేసింది. అమెరికాలో 1988 నాటి చట్టం నారింజ గుర్తును తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో 2006 నాటి చట్టం నిజమైనవాటిలా కనిపించే నకలు తుపాకుల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. నాటకాలు, చలనచిత్రాలు, ప్రదర్శనశాలలతో పాటు బీమా కలిగిన ఎయిర్‌సాఫ్ట్ క్రీడకు మాత్రం మినహాయింపునిచ్చింది. 18 ఏళ్లు నిండనివారికి నకలు తుపాకి అమ్మడం అక్కడ నేరం.

అయితే చట్టం వేసిన రంగును చెరపడానికి కాస్త నల్లరంగు చాలు. కనుక అసలు కాపలా మనిషి అంతరంగంలో ఉండాలి. ఈ వ్యాపారి తనను తాను ప్రశ్నించుకోవాలి: నేను ఎవరికి అమ్ముతున్నాను? కొన్నవాడు దీన్ని ఎక్కడికి తీసుకువెళతాడు? గుర్తు తీసివేసి ఇమ్మని అడిగిన గిరాకీని వదులుకోగలనా? ఆటస్థలం వరకు సంచిలో మూసి తీసుకువెళ్లమని చెబుతున్నానా? ఉత్తుత్తి బాంబుపై ఇది ఆట సామగ్రి అని స్పష్టంగా రాస్తున్నానా? అలాంటి పెట్టెను రైల్వే స్టేషనులో ఎవరైనా మరచిపోతే వందలమంది ప్రాణభయంతో పరుగులు తీస్తారు. లాభం కొంత తగ్గినా, నిశ్చింతగా నిద్రపోనిచ్చే సంపాదనలోనే బర్కత్ ఉంటుంది.

ఇక మన ఇళ్ల సంగతి. పండుగ నాడు ఈద్గాహ్ వెలుపల బొమ్మ తుపాకుల బండి కనబడగానే ఈదీ డబ్బులు పిల్లల జేబులో నిలవవు. మన బిడ్డలు కొందరు అమెరికాలో, బ్రిటన్‌లో చదువుకుంటున్నారు, కాపురముంటున్నారు. వారి పిల్లలు అక్కడి పార్కులలో ఆడుకుంటున్నారు. వారితో ఈ మాటలు తప్పక చెప్పండి: ఆట తుపాకినైనా మనిషి ముఖంపైకి గురిపెట్టవద్దు. రంగు గుర్తును తీయవద్దు. ఊడిపోతే ఆ వస్తువును బయటికి తేవద్దు. వీధిలో, బడిలో, ప్రయాణంలో దానిని ప్రదర్శించవద్దు. పోలీసులు కనబడితే చేతిలోకి తీసుకోవద్దు. గుళికలతో ఆడేచోట కంటికి రక్షణ లేకుండా అడుగుపెట్టవద్దు.

బాణాలు పోయి తుపాకులు వచ్చాయి. తుపాకుల స్థానంలో వాటి నీడలు కూడా అంగళ్లకెక్కాయి. మొనను పిడికిట పట్టమన్న ఆజ్ఞ మాత్రం మారలేదు. తయారుచేసే చేయి, అమ్మే చేయి, ఆడుకునే చిన్ని చేయి ఆ మొనను మరువకుండా ఉండే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.