కియాంగన్ కొండమడులు

ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ ద్వీపపు ఉత్తర భాగంలో, కార్డిలెరా పర్వతాల నడుమ ఇఫుగావ్ ప్రావిన్సు ఉంది. అందులోని కియాంగన్ పేరుకు మునిసిపాలిటీయే గానీ చూడబోతే మన మండలం లాంటిది. కొండవాలుల్లో చెదురుమదురుగా ఉన్న పల్లెలు, వాటి చుట్టూ వరి మడులు. తమ మూలపురుషులు కాపురమున్న తొలి ఊరు ఇక్కడి ఇబులావ్ నది దగ్గరే ఉండేదని ఇఫుగావ్ ప్రజలు చెప్పుకుంటారు.

కియాంగన్‌కు పేరు తెచ్చినవి నగకాదన్ మడులు. నడుమ ఏరు పారుతుంటే దానికి రెండు పక్కలా మడులు అంచెలంచెలుగా కొండపైకి ఎక్కిపోతాయి. రాతితోనో మట్టితోనో కట్టిన గోడలు మడిలో నీళ్లను నిలబెడతాయి. మడులకు పైన ప్రతి కుటుంబం తన వంతు అడవిని కాపాడుకుంటుంది. దాన్ని ముయోంగ్ అంటారు. అందులో ఇంకిన వాననీరే ఊటలై, కాలువలై మడికి చేరుతుంది. అడవి పోతే మడి ఎండిపోతుంది కనుక రెంటినీ ఒకే ఆస్తిగా చూస్తారు. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఐదు ఇఫుగావ్ మడుల సముదాయాల్లో నగకాదన్ ఒకటి.

ఈ మడులు రెండు మూడు వేల ఏళ్ల నాటివని అమెరికన్ పండితుడు హెన్రీ ఓట్లీ బేయర్ అంచనా వేశాడు. పాఠ్యపుస్తకాలు ఆ మాటనే పట్టుకున్నాయి. పురావస్తు శాస్త్రవేత్త స్టీఫెన్ అకబాడో బృందం పాత కియాంగన్ గ్రామస్థలంలో జరిపిన తవ్వకాలు మరో కథ చెప్పాయి. పాత పొరల్లో కనిపించింది వరి కాదు, చేమ. మాగాణి వరి సాగు విస్తరించింది దాదాపు 1600 తర్వాతే. మైదానాలకు స్పెయిన్ సేనలు రావడంతో జనం కొండలకు తరలి, అక్కడ పెద్ద ఎత్తున మడులు కట్టుకున్నారని అకబాడో వాదన. ఇది నిజమైతే మడుల వయసు తగ్గుతుందేమో గానీ విలువ తగ్గదు. అంత పని కొన్ని తరాల్లోనే పూర్తిచేయడం ఇంకా గొప్ప సంగతి.

ఇఫుగావ్ ఇల్లు నాలుగు కొయ్య స్తంభాల మీద నిలుస్తుంది. మేకులు వాడరు. ఎలుకలు పైకి పాకకుండా ఒక్కో స్తంభానికి గుండ్రని కొయ్య బిళ్ల తొడుగుతారు. ధాన్యానికి కాపలాగా బులుల్ అనే కొయ్య విగ్రహాలను నిలుపుతారు. నాట్లు, కోతలప్పుడూ చావింటి జాగరణలోనూ హుధుద్ కథాగానం సాగుతుంది. పాటకు ముందుండేది ఎక్కువగా ఒక ముసలామె, మిగతావాళ్లు వంత పాడతారు. యునెస్కో దీన్ని 2001లో మౌఖిక వారసత్వ మహాకృతిగా ప్రకటించింది. కియాంగన్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన రాయ్ ఫ్రాంక్లిన్ బార్టన్ ఇక్కడి న్యాయపద్ధతిపై రాసిన పుస్తకం 1919లో వెలువడింది. కోర్టూ జడ్జీ లేకుండా, మధ్యవర్తి ఇరుపక్షాల మధ్య తిరుగుతూ తగవు తీర్చే తీరును అందులో వివరించాడు.

రెండో ప్రపంచ యుద్ధపు చివరి నెలల్లో జపాన్ సేనాని తొమోయుకి యమషిత తన సైన్యంతో ఈ కొండల్లోకే వెనక్కి తగ్గాడు. 1945 సెప్టెంబరు 2న కియాంగన్‌కు దిగివచ్చి అమెరికన్లకు లొంగిపోయాడు. ఆ ఘట్టం జరిగింది ఒక బడి భవనంలో. లొంగుబాటు పత్రంపై మర్నాడు బాగియోలో సంతకం చేశాడు. దీని గుర్తుగా తర్వాత కట్టిన స్మారకం ఇఫుగావ్ ఇంటి కప్పును పోలి ఉంటుంది.

ప్రావిన్సు పరిపాలన కేంద్రం లగావే పట్టణానికి మారాక కియాంగన్ వ్యవసాయ పల్లెల ప్రాంతంగానే మిగిలింది. యువత పట్టణాలకు వెళ్లిపోవడం, కాలువలు పూడిపోవడం, గోడలను వానపాములు తొలిచేయడం, లేత నారును బంగారు నత్తలు మేసేయడం వల్ల చాలా మడులు బీడుపడ్డాయి. 2001లో యునెస్కో ఈ ఐదు మడుల సముదాయాలనూ ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో పెట్టింది, మరమ్మతుల తర్వాత 2012లో తొలగించింది. సంప్రదాయ తినావోన్ వరి ఏడాదికి ఒక్క పంటే ఇస్తుంది. అది ఇంటి తిండికి ఏడాది పొడవునా సరిపోక, చాలా కుటుంబాలు మైదానాల నుంచి వచ్చే బియ్యం కొనుక్కుంటాయి.