మీకు తెలుసా? గుండ్రటి ముక్కు చూసి మోసపోరాదు

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫ్రెంచి నౌకాదళం సముద్ర గస్తీకి, సముద్రంలో ఆపదలో చిక్కినవారిని కాపాడటానికి వాడిన నోర్ 1402 నొర్వా ఉభయచర విమానం, అనగా నీటిమీదా నేలమీదా దిగగలది. దాని రెక్కల నిడివి సుమారు 31.6 మీటర్లు కాబట్టి, అసలు కొలతను 72వ వంతుకు కుదించిన నమూనాలో అది దాదాపు 44 సెంటీమీటర్లు అవుతుంది. ఇంజన్ల ముందుభాగం గుండ్రంగా ఉన్నందున, అవి చక్రపు ఆకుల్లా సిలిండర్లు అమరి గాలితో చల్లబడే రకమని నమూనాకారులు పొరబడే వీలుంది; నిజానికి అవి జర్మనీ వారి యూమో 213 ఆధారంగా ఫ్రాన్సులో రూపొందిన, ద్రవంతో చల్లబడే 12 సిలిండర్ల ఆర్సెనల్ ఇంజన్లు, ఆ గుండ్రని భాగమేమో వలయాకారపు రేడియేటరు. అక్కడ సిలిండర్లు బిగిస్తే, రంగులు ఎంత నేర్పుగా వేసినా, నమూనా తప్పే.