వార్తల్లో పదం: సీడ్ గ్రాంటు

పరిశోధనారంగమున నూతనముగా అడుగిడిన యువశాస్త్రజ్ఞునకు, తన ఊహ నిలుచునో లేదో పరీక్షించి చూచుకొనుటకు చాలినంతగా, ఒకటి రెండు సంవత్సరముల గడువుతో నొసగెడి స్వల్ప ధనసహాయమునకు సీడ్ గ్రాంటు అని పేరు. విత్తనపు పెట్టుబడి యన్నచో రైతుబిడ్డలకు వేరుగా వివరింప నక్కరలేదు.

నిద్రాశాస్త్రమున దీని యావశ్యకత మిక్కుటము. ఒక్క మనుష్యుని ఒక్క రాత్రి నిద్రను పరిశీలింపవలెనన్నను, తలకును కనుకొనలకును గడ్డమునకును ఎలక్ట్రోడు లంటించి, మెదడు తరంగములను, కనుగ్రుడ్ల కదలికను, ఊపిరిని తెల్లవారువరకు నమోదు చేయు పాలీసోమ్నోగ్రఫీ పరికరములును, వానికడ మేలుకొని కూర్చుండు సాంకేతికుడును కావలయును. పెద్ద నిధుల నిచ్చువారు ప్రాథమిక ఫలితములను ముందుగా చూపుమందురు. ఆ ఫలితములు ధనము లేనిదే లభింపవు. ఈ చిక్కుముడిని విప్పునది చిన్న గ్రాంటే కనుక, దానిని అల్పమని చిన్నచూపు చూచుట అన్యాయమని నా నమ్మకము. అమెరికాలో 1998లో ఏర్పడిన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ ఫౌండేషన్ యువపరిశోధకులకు ఇట్టి చేయూత నిచ్చుచున్నది.

స్వల్ప సాధనములతోనే గొప్ప ఫలితము లభింపవచ్చుననుటకు నిద్రాశాస్త్ర చరిత్రయే సాక్షి. షికాగో విశ్వవిద్యాలయమున నిద్రాశాస్త్రజ్ఞుడగు నెథానియల్ క్లైట్‌మన్ కడ ఇంకను విద్యార్థిగా నున్న యూజీన్ అసెరిన్‌స్కీ, మెదడు తరంగములను కాగితముపై గీయు ఈఈజీ యంత్రమును, మూలబడిన పాతదానినొకదానిని బాగుచేసికొని, ఎనిమిదేండ్ల తన కుమారునికే తీగలంటించి, బాలుడు గాఢముగా నిద్రించుచుండగా కాగితముపై కలములు ఒక్కసారిగా చెలరేగుట చూచి విస్తుపోయెను. కనుగ్రుడ్లు వేగముగా కదలెడి ఆ రెమ్ నిద్రను గూర్చిన వ్యాసము 1953లో సైన్స్ పత్రికయందు వెలువడినది.