థ్రాట్లింగ్

నెట్ న్యూట్రాలిటీ (డేటా అంతటినీ సమానంగా చూడాలన్న సూత్రం) మీద చర్చ లేచినప్పుడల్లా వార్తల్లోకి వచ్చే పదమిది. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ ఒక రకం డేటా వేగాన్ని కావాలని తగ్గించడమే థ్రాట్లింగ్. తరచూ దెబ్బ తినేవాటిలో బిట్‌టొరెంట్ వంటి ఫైల్ షేరింగ్ ఒకటి.

సంస్థ పరికరాలు పోర్టు నంబర్లనూ ప్యాకెట్ల తీరునూ చూసి అది టొరెంటని పసిగడతాయి. 2007లో అమెరికాలో కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ సంస్థ ఏకంగా నకిలీ రీసెట్ సందేశాలు పంపి కనెక్షన్లు తెంపింది. మరుసటి ఏడాది అక్కడి నియంత్రణ సంస్థ ఆపమని ఆదేశించింది.

థ్రాట్లింగ్‌ను దాటడానికి పోర్టు మారుస్తారు, టొరెంట్ ప్రోగ్రాములోనే ఉండే ఎన్‌క్రిప్షన్ పెడతారు. ఎన్‌క్రిప్షన్ లోపలున్నదాన్ని దాస్తుంది గానీ, ఒకేసారి పదుల కంప్యూటర్లతో మాట్లాడే తీరును దాచలేదు. డేటా అంతటినీ ఎన్‌క్రిప్ట్ చేసి ఒకే సర్వరు ద్వారా పంపే వీపీఎన్ దాన్నీ కప్పేస్తుంది. అయితే వీపీఎన్ వల్లే కొంత వేగం పోవచ్చు.

నెట్ నెమ్మదించిన ప్రతిసారీ థ్రాట్లింగే అనుకోకూడదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు ఏపీ ఫైబర్‌నెట్ తీగ కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో అలాంటి స్తంభాలనే కూల్చింది; స్తంభం పడితే నెట్ కూడా దెబ్బ తింటుంది. ప్యాక్ కోటా అయిపోయాక తగ్గే వేగాన్ని ఏ వీపీఎన్నూ పెంచలేదు, అక్కడ లెక్కలోకి వచ్చేది వాడిన డేటా మొత్తమే. అందుకే ముందు ఒకే ఫైలును వీపీఎన్‌తో, లేకుండా దించి చూడాలి. వీపీఎన్‌తో వేగం బాగా పెరిగితేనే థ్రాట్లింగ్‌ని అనుమానించాలి.

మన దేశంలో 2018 జులైలో ఆమోదం పొందిన నెట్ న్యూట్రాలిటీ సూత్రాలు కంటెంట్‌ను బట్టి వేగం తగ్గించడాన్ని కాదంటాయి. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు మాత్రం మినహాయింపు ఉంది. లినక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను టొరెంటులో దించుకోవడం తప్పు కాదు. పైరసీ సినిమా దించితే, వేగంతో పనిలేకుండా, కాపీరైట్ చట్టం వర్తిస్తుంది.