మన ఊళ్ళ కైఫీయతులు, కడప బ్రౌన్ గ్రంథాలయం

మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తట్టు నుంచి వచ్చి వేరే చోట్ల స్థిరపడిన మనలో చాలామందికి అబ్బ పేరు తెలుసు. ఆయన అబ్బ పేరు అడిగితే తడుముకుంటాం. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు అని పిల్లలు అడిగితే మాట దాటేస్తాం. ఆ సంగతులు కొన్ని రాతలో ఉన్నాయి. చూడాలంటే కడపలో ఎర్రముక్కపల్లె దగ్గరి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్ళాలి.

1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడపకు వచ్చిన బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తెలుగు గ్రంథాల పాఠాలు సరిచూయించాడు. కాలం గడిచాక బంగళా మొండిగోడలైంది. ఆ చోటే గ్రంథాలయం వెలవాలని పట్టుబట్టినవారు జానుమద్ది హనుమచ్ఛాస్త్రి. తోటి రచయితలను, దాతలను కూడగట్టి 1987లో శంకుస్థాపన జరిపించారు. తర్వాత ఆ సంస్థ యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. తాళపత్రాల సేకరణతో పాటు, కట్టా నరసింహులు సంపాదకత్వంలో కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చువేయడం ఈ సంస్థ మనకు చేసిన పెద్ద మేలు.

కైఫీయతు అంటే ఊరి పూర్వోత్తరం. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కుంపిణీకి అప్పగించాక, కల్నల్ కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరా పంపాడు. వాళ్ళలో పేరుపడినవారు కావలి సోదరులు. కరణాల దగ్గరున్న కవిలెలు చూసి, పెద్దలను అడిగి, శాసనాలకు నకళ్ళు తీసి ఊళ్ళ వివరాలు రాశారు. గుడులు, చెరువులు, అగ్రహారాలు, పాలెగాళ్ళు, మాన్యాలు, ఎవరి తర్వాత ఎవరు ఏలారన్న వరుస, అన్నీ అందులోకి ఎక్కాయి. మెకంజీ 1821లో చనిపోయాడు. ఆ రాతలు చివికిపోతుంటే బ్రౌన్ తిరిగి రాయించి భద్రపరిచాడు.

అయితే కైఫీయతులో పురాణం, చరిత్ర కలిసే ఉంటాయి. పైగా మాన్యం ఉన్నవాడి మాట అందులో ఎక్కువ. కూలి చేసినవాళ్ళు, మగ్గం నేసినవాళ్ళు, ఆడవాళ్ళు దాదాపు కనపడరు. ఆ లోటు తీర్చాల్సింది ఆయా కుటుంబాలే.

మెకంజీ పుట్టింది స్కాట్లండుకు చెందిన లూయిస్ అనే దీవిలో. ఆ దీవి ఉత్తరపు కొసన ఉన్న నెస్ ప్రాంతం వాళ్ళు 1977లో సొంతంగా చరిత్ర సంఘం పెట్టుకున్నారు. ఫొటోలు, వంశాల వివరాలు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు పోగుచేశారు. మన ఊళ్ళ చరిత్ర రాయించినవాడి సొంత దీవిలో జనమే ఆ పనికి పూనుకున్నారు. మనం ఇంకా ఎవరో వచ్చి అడగాలని చూస్తున్నాం.

ఆలస్యమైతే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. రెడ్ల వంశాలను, గోత్రాలను పొల్లు పోకుండా చెప్పే పిచ్చుకుంట్లవాళ్ళు కరువవుతున్నారు. గండికోట జలాశయంలో 2020లో తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. నీళ్ళకింద పోయిన ఊరికి ఇక చిరునామా జనం చెప్పుకునే మాటల్లో, దాచుకున్న కాగితాల్లోనే.

అందుకే ఈ సంచిక చదివే ప్రతి ఇంటికీ ఒక మనవి. ఈసారి ఊరికి పోయినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దించండి. దస్తావేజులు, భాగపరిష్కారాల కాగితాలు, పెళ్ళి పత్రికలు, పాత ఫొటోలు నకలు తీయండి. ఫొటో వెనక పేర్లు రాయండి. అవ్వ చేత ఇంటిపేరు కథ, వలస వచ్చిన దారి చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. ఒక ప్రతి మీరు ఉంచుకుని, ఇంకొకటి కడప కేంద్రం తీసుకుంటుందేమో ముందుగా కనుక్కుని అందజేయండి. మన ఊళ్ళ తరువాతి కైఫీయతు రాయాల్సింది మనమే.