కమిషన్ శాతం ఒక్కటే చూస్తే చాలదు

అఫిలియేట్ మార్కెటింగ్‌లో అమ్మే సంస్థ తన సరుకును పరిచయం చేసేవారికి ఒక ప్రత్యేక లింకు ఇస్తుంది. ఆ లింకు ద్వారా వచ్చినవారు కొంటే ధరలో కొంత శాతం పరిచయం చేసినవారికి కమిషన్‌గా అందుతుంది. అమెజాన్ 1996లో 'అసోసియేట్స్' పేరుతో ఇలాంటి ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టింది. తెలుగు యూట్యూబ్ ఛానెళ్లలో మిక్సీలు, ఫోన్ల వీడియోల కింద కనిపించే లింకుల్లో చాలా వరకు ఇలాంటివే.

ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు మొదట తేల్చుకోవలసింది, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది. సరుకు అమ్ముడైతే వచ్చేది కమిషన్. చేరడానికి ఫీజు కట్టించుకుని, మరికొందరిని చేర్పిస్తే ఆదాయం అని చెబితే అది గొలుసుకట్టు పథకం. ఇలాంటి డబ్బు చలామణీ పథకాలను 1978 నాటి చట్టం నిషేధించింది. డైరెక్ట్ సెల్లింగ్ సంస్థలు పిరమిడ్ పథకాలు నడపకూడదని 2021 నిబంధనలూ స్పష్టం చేశాయి. ఇక్కడ అనుమానం మిగిలితే మిగతా లెక్కలు చూడనక్కరలేదు.

తర్వాతిది రాబడి లెక్క. 20,000 రూపాయల ఫోన్‌పై 1 శాతం అంటే 200 రూపాయలు. 500 రూపాయల పుస్తకంపై 10 శాతం అంటే 50. ఫోన్ లింకు నొక్కిన వందమందిలో ఒకరు, పుస్తకం లింకు నొక్కిన వందమందిలో ఐదుగురు కొన్నారనుకుంటే ఫోన్‌పై 200, పుస్తకాలపై 250 వస్తాయి. అందుకే శాతం కంటే ఒక్కో క్లిక్‌కు ఎంత మిగులుతోందన్నదే సరైన కొలమానం. వాపసు వచ్చిన సరుకుకు కమిషన్ రద్దవుతుంది కాబట్టి, సైజు సరిపోక తిప్పి పంపడం మామూలైన దుస్తులు, చెప్పుల విషయంలో ఆ మేరకు తగ్గించి లెక్కేయాలి.

లింకు నొక్కినప్పుడు బ్రౌజర్‌లో కుకీ అనే చిన్న గుర్తు పడుతుంది. దాని గడువులోపు కొంటేనే కమిషన్. అమెజాన్‌లో ఇది సాధారణంగా 24 గంటలు; 30 రోజులు ఇచ్చే ప్రోగ్రామ్‌లూ ఉన్నాయి. ఇంటిల్లిపాదీ వారం పాటు ఆలోచించి కొనే ఫ్రిజ్‌కు ఒక్కరోజు గడువు ఏ మూలకూ చాలదు. పైగా చాలాచోట్ల చివరిగా నొక్కిన లింకుదే హక్కు. మధ్యలో కొనుగోలుదారు ఏ కూపన్ సైటు మీదుగానో వెళితే కమిషన్ ఆ సైటుకే పోతుంది.

ఒప్పందం చదవకుండా చేరడం పెద్ద పొరపాటు. రేట్లు మార్చే అధికారం సంస్థ చేతిలోనే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో ఫర్నిచర్ కమిషన్‌ను 8 నుంచి 3 శాతానికి, కిరాణా సరుకులపై 5 నుంచి 1 శాతానికి తగ్గించింది. ఆ ఒక్కదాన్నే నమ్ముకున్న సైట్ల రాబడి ఒక్కసారిగా పడిపోయింది. కనీసం ఎంత జమైతే చెల్లిస్తారో, ఎన్నాళ్లకు చెల్లిస్తారో, ఖాతాను ఏ కారణంతో మూసేస్తారో కూడా ముందే చూసుకోవాలి.

భారత్‌లో ఒక సంస్థ ఇచ్చే కమిషన్ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే చెల్లించేటప్పుడే 2 శాతం పన్ను (టీడీఎస్) కోస్తారు. పాన్ ఇవ్వనివారికి కోత 20 శాతం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సంస్థతో ఆర్థిక సంబంధం ఉంటే ఆ మాట చూసేవారికి సులభంగా అర్థమయ్యేలా చెప్పాలి. వీడియో అయితే కింద వివరణలో రాస్తే సరిపోదు, వీడియోలోనే చెప్పాలి.