జీవశాస్త్ర సెమినార్ కోర్సులో హాజరు, జర్నల్ నిబంధనలు: ప్రయోజనం, ఆచరణ

వ్యాససంగ్రహం:
కళాశాలల జీవశాస్త్ర విభాగాలలో సెమినార్ కోర్సుకు సాధారణంగా రెండు నిబంధనలు ఉంటాయి. ఒకటి హాజరు, రెండవది జర్నల్. ఈ రెండూ పరస్పరాధారితాలనీ, విడదీసి అమలుచేస్తే రెండూ లాంఛనప్రాయంగా మిగులుతాయనీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక ప్రసిద్ధ ప్రయోగపత్రం ఆధారంగా జర్నల్ రాసే పద్ధతిని కూడా ఇందులో చర్చించడమైనది.

కీలకపదాలు: సెమినార్, హాజరు, జర్నల్, పరిశోధన పత్రం, మూల్యాంకనం.

1. ప్రవేశిక:
'సెమినార్' అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి నారుమడి అని అర్థం. జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ ఆగస్ట్ వోల్ఫ్ 1787లో ప్రాచీన భాషా సాహిత్యాల అధ్యయనానికి సెమినార్‌ను నెలకొల్పాడు. విద్యార్థి వినడంతో ఆగక, తానే విషయాన్ని ప్రతిపాదించి తోటివారి ఆక్షేపణలకు సమాధానం చెప్పడం ఇటువంటి సెమినార్లకు ప్రాణం. వైద్యరంగంలో ఇదే తీరులో, కొత్తగా వెలువడిన పత్రాలను కలిసి చదివి చర్చించే 'జర్నల్ క్లబ్'ను విలియం ఆస్లర్ 1875లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రారంభించాడు. నేటి జీవశాస్త్ర సెమినార్ కోర్సులో ఈ రెండు సంప్రదాయాల ఛాయలూ కనిపిస్తాయి.

ఇక్కడ ఒక పదాన్ని స్పష్టం చేసుకోవాలి. 'జర్నల్' అంటే పత్రాలు ప్రచురించే పరిశోధన పత్రిక అనీ, విద్యార్థి స్వయంగా రాసుకునే పుస్తకం అనీ రెండు అర్థాలున్నాయి. ఈ వ్యాసంలో 'జర్నల్' అన్నచోట రెండవ అర్థమే గ్రాహ్యం.

2. హాజరు - సెమినార్ ప్రత్యేకత:
మన విశ్వవిద్యాలయాలలో పరీక్షకు అర్హతగా సాధారణంగా 75 శాతం హాజరు అడుగుతారు. ఈ నియమం ఉపన్యాస తరగతులకూ సెమినార్‌కూ ఒకే ఫలితాన్ని ఇవ్వదు. వారానికి ఒక సెమినార్ చొప్పున 15 వారాల సెమిస్టర్‌ను తీసుకుంటే, విద్యార్థి కనీసం 12 సమావేశాలకు రావాలి. అంటే మూడింటికి రాకపోయినా నియమభంగం కాదు. కాని ప్రతి సమావేశంలో ఒక కొత్త పత్రం చర్చకు వస్తుంది కనుక, ఆ మూడింటితో కోర్సులో అయిదో వంతు చేజారుతుంది. ఉపన్యాసం తప్పినవారికి పాఠ్యగ్రంథం ఉంది. సెమినార్‌లో జరిగిన వాదప్రతివాదాలకు అటువంటి గ్రంథం లేదు.

రెండవ నష్టం పత్రసమర్పకునిది. పదిమంది ఉండవలసిన చోట నలుగురే ఉంటే అతనికి ఎదురయ్యే ప్రశ్నలు తగ్గుతాయి. కాబట్టి సెమినార్‌లో హాజరు విద్యార్థి వ్యక్తిగత వ్యవహారం మాత్రమే కాదు, తోటివారి పట్ల బాధ్యత కూడా.

అయితే హాజరుపట్టీ మనిషి ఉనికిని మాత్రమే నమోదు చేయగలదు. ఆలోచన జరిగిందా లేదా అన్నది తెలియజేయవలసింది జర్నల్.

3. జర్నల్ - సారాంశానికీ విమర్శకూ భేదం:
ఆచరణలో చాలా జర్నళ్లు ప్రయోగశాల రికార్డు నమూనాలోనే సాగుతాయి: పత్రం పేరు, రచయితలు, పద్ధతి, ఫలితం, సంతకం. ఈ సమాచారమంతా పత్రం మొదట ఉండే సంగ్రహంలోనే దొరుకుతుంది. సమావేశానికి రాని విద్యార్థి సైతం దీనిని రాయగలడు. అటువంటి జర్నల్ హాజరుకు సాక్ష్యం కాజాలదు, అవగాహనకూ కాజాలదు.

ఉదాహరణకు 1958లో మాథ్యూ మెసెల్సన్, ఫ్రాంక్లిన్ స్టాల్ ప్రచురించిన పత్రాన్ని తీసుకుందాం. వారు ఈ. కోలై బాక్టీరియాను భారనైట్రోజన్ (నైట్రోజన్-15) ఉన్న యానకంలో అనేక తరాలు పెంచి, తర్వాత సాధారణ నైట్రోజన్-14 యానకంలోకి మార్చారు. సీజియం క్లోరైడ్ ద్రావణంలో అత్యధిక వేగంతో తిప్పి, డి.ఎన్.ఎ.ను సాంద్రతను బట్టి వేరుచేశారు. ఒక తరం తర్వాత మధ్యస్థ సాంద్రత గల ఒకే పట్టీ కనిపించింది. రెండు తరాల తర్వాత మధ్యస్థ పట్టీ, తేలిక పట్టీ సమానంగా కనిపించాయి.

"డి.ఎన్.ఎ. కొత్త అణువులో ఒక పోగు పాతది, ఒక పోగు కొత్తది అని నిరూపించారు" అని రాస్తే అది సారాంశం. "మొదటి తరం ఫలితం ఒక్కటే ఎందుకు చాలదు?" అని అడిగితే విమర్శ మొదలవుతుంది. పాత అణువు చెక్కుచెదరక నిలిచి, పూర్తిగా కొత్త అణువు విడిగా ఏర్పడుతుందన్న ఊహను మొదటి తరమే తోసిపుచ్చింది. ఎందుకంటే అలా జరిగితే బరువైన పట్టీ, తేలిక పట్టీ విడివిడిగా రావాలి. కాని పాత, కొత్త ముక్కలు ప్రతి పోగులోనూ కలగలుస్తాయన్న మరో ఊహకు కూడా మొదటి తరంలో మధ్యస్థ పట్టీయే వస్తుంది. ఆ ఊహ నిజమైతే రెండవ తరంలో రెండు పట్టీలు రాకూడదు, ఇంకొంత తేలికైన ఒకే పట్టీ రావాలి. అలా రాలేదు కనుక అది కూడా వీగిపోయింది. ఈ తర్కం చర్చలో ఎవరు లేవనెత్తారు, ఎవరు ఎక్కడ తడబడ్డారు, చివరికి ఎలా తేలింది అన్నవి సమావేశంలో ఉన్నవారే రాయగలరు.

4. ఆచరణకు కొన్ని సూచనలు:
పై చర్చ ఆధారంగా జర్నల్‌లో ప్రతి పత్రానికి మూడు భాగాలు ఉండడం సముచితం.

(అ) సమావేశానికి ముందు: పత్రం ఏ ప్రశ్నకు సమాధానం వెతుకుతున్నది, చదివినప్పుడు విద్యార్థికి కలిగిన ఒక సందేహం.
(ఆ) సమావేశంలో: వచ్చిన ఆక్షేపణలలో ముఖ్యమైనది ఒకటి, దానికి లభించిన సమాధానం.
(ఇ) వారంలోపు: మొదటి సందేహం తీరిందా, లేక కొత్త రూపం దాల్చిందా అన్న పరామర్శ.

మొత్తం ఒకటిన్నర పుట చాలు. అధ్యాపకుడు మొదటి భాగంపై సమావేశారంభంలోనే సంతకం చేస్తే, తర్వాత కూర్చి రాసే అవకాశం ఉండదు. హాజరుకు విడిగా మార్కులు కేటాయించనక్కరలేదు. రెండవ భాగం ఉన్న రోజే హాజరైన రోజు.

అనారోగ్యం వంటి కారణాలతో రాలేనివారికి మార్గం మూసివేయడం న్యాయం కాదు. అటువంటివారు పత్రం చదివి, పత్రసమర్పకునికి ఒక ప్రశ్నను లిఖితపూర్వకంగా పంపి, వచ్చిన సమాధానంతో నమోదు పూర్తిచేయవచ్చు. అయితే ఈ వెసులుబాటును సెమిస్టర్‌కు రెండుసార్లకు పరిమితం చేయడం మంచిది. మూల్యాంకనంలో చేతిరాతకూ, పుటల సంఖ్యకూ గాక ప్రశ్న నాణ్యతకు ప్రాధాన్యం ఇవ్వాలి.

5. ముగింపు:
విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనలు సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు పత్రప్రచురణను తప్పనిసరి చేశాయి. 2022 నిబంధనలలో ఆ షరతు లేదు. పరిశోధకుడు ప్రతి సెమిస్టర్‌లో సలహా సంఘం ఎదుట తన పని ప్రగతిని వివరించవలసిన నియమం మాత్రం కొనసాగుతున్నది. అక్కడ ఎదురయ్యే ప్రశ్నలకు నిలబడే శక్తి ఒక్కరోజులో రాదు. ఇతరుల పత్రాలను ప్రశ్నించడం, తన సందేహాన్ని అక్షరాలలో పెట్టడం, అది తప్పని తేలితే దిద్దుకోవడం స్నాతకోత్తర స్థాయిలోనే అలవడాలి. హాజరు, జర్నల్ నిబంధనలు ఈ అలవాటుకు తోడ్పడినంతవరకే సార్థకాలు. సెమిస్టర్ చివర తనిఖీకి వచ్చిన జర్నల్‌లో విద్యార్థి సొంత ప్రశ్న ఒక్కటైనా ఉందా అన్నదే అధ్యాపకుడు ముందుగా చూడవలసిన అంశం.